దక్షిణ ద్వారం

బాత్రూమ్ గడియ ఊడి అల్లుడి చేతిలోకి వచ్చింది. తలుపు మాత్రం రాలేదు.

గుంజాడు. తన్నాడు. టూత్ బ్రష్ కాడతో సందులో కెలికాడు. బ్రష్ విరిగింది. అతని ఫోను కంప్యూటర్ పక్కనే ఉండిపోయింది. అతని కళ్లజోళ్ల షాపుకి ఇవాళ సెలవే గానీ, భార్యకి ఆసుపత్రిలో డ్యూటీ. ఇంట్లో ఉన్నది అత్తగారొక్కరే.

ఆవిడ వడ్రంగికి ఫోన్ చేశారు. ఇదిగో బయల్దేరుతున్నా అన్నాడట. వడ్రంగి ‘ఇదిగో’ అంటే ఎంతసేపో తెలియనిదెవరికి? అత్తగారు బాత్రూమ్ ముందు స్టూలు వేసుకుని, ఒళ్లో గిన్నె పెట్టుకుని బఠాణీలు ఒలుస్తూ కూర్చున్నారు. కంగారు పడొద్దన్నారు.

అల్లుడి కంగారు తలుపు గురించి కాదు. మధ్యాహ్నం పన్నెండు కొట్టేలోగా ఆటలో తన ఎత్తు వేయాలి.

అది కంప్యూటర్‌లో ఇద్దరు ఆడే యుద్ధం. ఒక్కొక్కరికీ రోజుకి ఒకటే ఎత్తు, ముందు ఇతనిది, ఆ తర్వాత అవతలివాడిది. ఓడిన రోజున ఆటలన్నీ కట్టిపెట్టేస్తానని కిందటేడు అతను భార్యకి మాటిచ్చాడు, అత్తగారి ఎదుటే. తనని ఓడించే మొనగాడు పుట్టలేదన్న ధీమాతో ఇచ్చిన మాట. ఆ తర్వాత కొన్నాళ్లకే మంచుదొర తగులుకున్నాడు. అసలు పేరేమిటో, ఏ ఊరివాడో తెలీదు. కొరకరాని కొయ్య. ఇప్పుడు దొర సైన్యం కోట బయట మంచులో ఆకలికి మాడుతోంది. దక్షిణ ద్వారం సగం మూసి ఉంది. ఇవాళ పూర్తిగా మూసేస్తే దొర తిండి లేక వెనక్కి పోతాడు. లేకపోతే కోట పోతుంది, దాంతో పాటు ఆటా పోతుంది.

అసలు ఆ ఆటల్లో ఏముంది బాబూ అని అడిగారు అత్తగారు. అంతే. ఇరవై ఏళ్లుగా ఆడుతున్నా అతన్ని ఎవరూ అడగని ప్రశ్న అది.

అల్లుడు బకెట్ బోర్లించుకుని కూర్చుని మొదలుపెట్టాడు. ఆగి ఆలోచించుకోనివ్వని ఆట ఆటే కాదన్నాడు. కదిలే బస్సు ఎక్కడానికీ దానికీ తేడా లేదన్నాడు. ఈమధ్య వచ్చేవాటిలో గడ్డిపరక కూడా గాలికి ఊగుతుంది గానీ శత్రువుకి బుర్ర ఉండదు, పైన పటారం లోన లొటారం. మంత్రాలు తంత్రాలు తనకీ ఇష్టమే. కానీ చిటికేస్తే కోట లేచే చోట ఇక రాజెందుకు, రైతెందుకు? డ్రాగన్ అన్నాక దానికి ఆకలేయాలి. దాన్ని మేపలేక రాజు తల పట్టుకోవాలి. సైనికులు చదరపు చుక్కల్లా కనిపించే పాత ఆటలే ఆటలు. ధాన్యపు కొట్టు చూసుకోనివాడు ఎంత కత్తి తిప్పినా మట్టి కరిచేవాడు వాటిలో.

అత్తగారు ఊఁ కొడుతూ విన్నారు. ఆ మంచుదొర ఎలాంటివాడని అడిగారు.

“పనీపాటా లేని వెధవ అత్తయ్యా,” అన్నాడు అల్లుడు. “జనమంతా పనుల్లోకి పోయాక తీరిగ్గా ఎత్తు వేస్తాడు. కానీ గింజ వృథా చెయ్యడు. అలాంటి ఆటగాణ్ణి నేను చూడలేదు.”

బఠాణీలు గిన్నెలో పడుతూనే ఉన్నాయి. వడ్రంగి రాలేదు. చిన్న కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనపడదు. గాలి చాలనట్టనిపించింది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. గోడలు దగ్గరకి జరుగుతున్నాయేమోనని నిజంగానే చేత్తో తట్టి చూసుకున్నాడు. అల్లుడికి భయమేసింది.

“మీ దగ్గర దాపరికమెందుకు అత్తయ్యా,” అన్నాడు గొంతు తగ్గించి. “ఈ గదిలోంచి వడ్రంగి లాగుతాడు. ఆ ఆటలోంచి బయటికి రావడమే నావల్ల కావట్లేదు. మీ అమ్మాయి ఏం చెప్పబోయినా ఒక్క నిమిషం అంటాను. ఆ నిమిషం అవదు. మానేద్దామనే అనుకుంటాను. గెలుస్తూ ఎలా మానను?”

అత్తగారు బఠాణీల గిన్నె కింద పెట్టారు.

“ఆ ఎత్తేదో చెప్పండి బాబూ. నేను వేసొస్తాను,” అన్నారు.

గుడ్డికన్నా మెల్ల మేలు అనుకున్నాడు అల్లుడు. తలుపుకి నోరు ఆనించి విడమరిచి చెప్పాడు. తెర మీద ఎర్రకోట ఉంటుంది. కింది గుమ్మం మీద నొక్కితే తెరువు, మూయి అని రెండు మాటలొస్తాయి. మూయి నొక్కాలి. తర్వాత మూలనున్న గంట బొమ్మ నొక్కాలి. గంట మోగాక ఆ దేవుడు దిగొచ్చినా ఎత్తు మారదు, జాగ్రత్త.

ఆవిడ రెండుసార్లు వెనక్కి వచ్చారు. మౌస్ అంటే ఏదని ఒకసారి, ఎడమ వైపు నొక్కాలా కుడి వైపా అని ఇంకోసారి. అల్లుడు తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆఖరికి గంట మోగడం అతనికీ వినిపించింది.

“నొక్కేశాను బాబూ.”

అతని ప్రాణం లేచొచ్చింది.

ఆ వెంటనే వడ్రంగి దిగాడు. ఉలి పెట్టి ఒక్క దెబ్బలో తలుపు తీశాడు. ఇంకా పన్నెండు కాలేదు. అల్లుడు తడి కాళ్లతోనే కంప్యూటర్ దగ్గరకి పరిగెత్తాడు.

దక్షిణ ద్వారం బార్లా తెరిచి ఉంది.

కుర్చీలో కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా అత్తగారిని ఏమంటాడు? మౌస్ ఏదో కూడా తెలియని పెద్దావిడ చేతిలో రాజ్యం పెట్టింది తనే.

“పోనీలెండి అత్తయ్యా,” అన్నాడు. “మీకేం తెలుసు పాపం. వాడు ఇవాళ ఇటు చూడకుండా ఉంటే బతికిపోతాను.”

అత్తగారు నొచ్చుకున్నారు. అయ్యో, ఎంత పని చేశాను బాబూ అన్నారు. వడ్రంగికి మంచినీళ్లిచ్చి పంపారు.

తర్వాత కాసేపు నడుం వాలుస్తానని చెప్పి తన గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని, ఫోను చేతిలోకి తీసుకుని, ఆవిడ తన సైన్యాన్ని మంచులోంచి లేపి దక్షిణ ద్వారం గుండా లోపలికి నడిపించారు.