పుర్రె బొమ్మ చొక్కావాడు

హోసూరు బస్సు దిగినవాడిని చూసి కటింగ్ అంగడి ముందు బెంచీ మీదున్న వాళ్లంతా లేచారు.

భుజాలు దాటిన జుట్టు. నల్ల చొక్కా మీద పుర్రె బొమ్మ. చెవుల్లో వైర్లు.

"ఇదో, వచ్చింది సైతాను," అన్నాడు పిల్లప్ప.

"ఆ ఇంగ్లీషు అరుపుల పాటలు వినేటోళ్లు రక్తం తాగతారంట. పేపర్లో ఏసినారు," అన్నాడు ఈరప్ప.

"నువ్వెప్పుడు పేపరు చదివితివప్పా?"

"బోండా చుట్టిచ్చిన కాగితంలో చూసినా."

చౌడప్ప నవ్వలేదు.

ఆయన కొడుకు దర్శన్ హోసూరు ఫ్యాక్టరీలో చేరి ఈ పాటల పిచ్చిలోనే పడ్డాడు. పాటల కచేరీకి పోయి వస్తూ బండి మీద నుంచి పడ్డాడు. ఏడాదిగా కాళ్లు లేవడం లేదు. వైద్యం కోసం అక్కడే రూములో ఉన్నాడు.

చౌడప్ప ఒక్కసారి చూడటానికి పోయాడు. గోడ నిండా పుర్రె బొమ్మలు. గడప దాటకుండానే తిరిగి వచ్చేశాడు.

వచ్చినవాడు వైర్లు తీసి దండం పెట్టాడు.

"మారెమ్మ గుడి యాడుందప్పా?"

"నీకు మారెమ్మతో ఏం పని?"

"రేపు పండగ కదప్పా. పని అయ్యేదాకా చెప్పకూడదు."

"ఏం పని? మా పిలకాయలకి గంతులు నేర్పేదా?" చౌడప్ప అతని జుట్టు పట్టుకున్నాడు. "మీ గుంపు వల్లనే నా కొడుకు మంచాన పడినాడు! సిద్దప్పా, కత్తి తియ్యి!"

ఆ మాటకి అతడు చౌడప్ప ముఖంలోకి చూశాడు. పెనుగులాడటం మానేశాడు.

"వెనక బస్సు వచ్చేదాకా ఆగు నాయనా. అంతే అడిగేది."

"వెనక బస్సులో ఎవరు? నీ తమ్ముడు సైతానా?"

అందరూ నవ్వారు. నలుగురు పట్టుకున్నారు. కటింగ్ అంగడి సిద్దప్ప నున్నగా గొరిగేశాడు.

రాలిన జుట్టును అతడు వంగి ఏరుకోబోయాడు. చౌడప్ప దాన్ని కాలితో కాలువలోకి తోశాడు.

హోసూరు పోయే బస్సు వస్తే అందులోకి నెట్టారు.

కాసేపటికి వెనక బస్సు వచ్చింది.

కమ్మీ పట్టుకుని ఒకడు దిగాడు. ఒక కాలు. తర్వాత రెండో కాలు.

దర్శన్.

"నడస్తావుండావా రా!" చౌడప్ప పరిగెత్తాడు.

"నడస్తావుండా నాయనా. ఒంటిగా బస్సెక్కి వస్తానని పంతం పట్టినా. మా ఏళుమలై యాడ?"

"ఎవరు?"

"నా రూములో వాడు. ఏడాదిగా నన్ను ఆస్పత్రికి ఎత్తుకోని తిప్పినోడు. ముందు బస్సుకే వచ్చినాడే!"

చౌడప్ప కాలువ వైపు చూశాడు. సబ్బు నురుగులో జుట్టు ఇంకా కదులుతోంది.

"వానికి... ఈడేం పని రా?"

"నేను నడిస్తే మన మారెమ్మకి జుట్టిస్తానని మొక్కినాడు నాయనా."