చీకటి పడ్డాక కూడా ఈవినింగే

బెత్తం బల్ల మీద ఫెళ్లున పడింది.

"గుడ్ నైట్ కాదు. ఈవినింగ్. గుడ్ ఈవినింగ్. ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

శిష్యుడు తల గోక్కున్నాడు. సమాధానం పంతులుకు ఒళ్లు మండిపోయింది. ఊరవతల పాలెం బడిలో పంతులుగా చేరిన ఇన్నేళ్లలో ఇలాంటి మొద్దుబుర్రను చూడలేదు. జకరయ్య కూతురు నవోమి, ముక్కు తుడుచుకోవడం కూడా సరిగ్గా రాని పిల్ల, ఒక్క పూటలో నేర్చేసుకుంది. ఈ శిష్యుడికి మాత్రం ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

గురువారం ఊళ్లో కరెంటు దీపాలు వెలిగిస్తారు. మీట నొక్కడానికి ఢిల్లీ నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. ఆయనకు తెలుగు ముక్క రాదట. దీపాల పండగ కాబట్టి బాగా చీకటి పడ్డాకే సభ. ఆయన జీపు దిగగానే మెడలో దండ వేసి, ఇంగ్లీషులో పలకరించి, రెండు ముక్కలు స్వాగతం చెప్పాలి. ఆ చెప్పేది ఈ శిష్యుడే. ఇంకొకరి చేత చెప్పిద్దామంటే ఒప్పుకునేవాళ్లు ఊళ్లో లేరు.

తప్పు దొర్లితే ఊడేది సమాధానం బడి. బడి పాక ఉన్నది పద్మనాభయ్య స్థలంలో. ఆఫీసరు ముందు నవ్వులపాలైతే మర్నాడే పాక పీకించి అక్కడ ఎడ్లను కట్టేయిస్తానని పద్మనాభయ్య ముందే చెప్పాడు. కేక వేసి కూడా కాదు, వానల గురించి మాట్లాడినంత మామూలుగా చెప్పాడు. పాలెం పిల్లలకు వేరే దిక్కు లేదు. ఊరి బడికి పోతే వాళ్లను వరండాలో కూర్చోబెడతారు. చిన్నప్పుడు సమాధానం కూర్చున్నదీ ఆ వరండాలోనే.

బడిలో పాఠం చెబితే పిల్లలు విని నవ్వుతారని, పొలాల మధ్య ఆయిలింజను పాకలో చెబుతున్నాడు. సమాధానం బయట నోరు విప్పే మనిషి కాదని అందరికీ తెలుసు.

"దీపాలు పెట్టినాక రాత్రే గదా? రాత్రికి నైటే గదా?" అన్నాడు శిష్యుడు. తప్పు చెప్పడమే కాక వాదన ఒకటి.

"నైటు పొయ్యేటప్పుడు చెప్పేది. జీపు దిగేవాడితో గుడ్ నైట్ అంటే, వచ్చిన దోవనే పో నాయనా అన్నట్టు."

శిష్యుడు నోరు తెరిచాడు. ఎండ తగ్గకముందే వస్తే ఏమనాలని అడిగాడు. అప్పుడు ఆఫ్టర్‌నూన్ అన్నాడు సమాధానం. మరి ఆఫీసరు రాత్రి భోజనాల వేళకు వస్తేనో? అప్పుడూ ఈవినింగే. మనకు సందెపొద్దు వేరు, మునిమాపు వేరు, దీపాలవేళ వేరు. వాళ్లకు పొద్దు వాలింది మొదలు పడుకోబోయేదాకా ఒక్కటే మాట. ఆ ఒక్కటీ పట్టదా అని సమాధానం అరిచిన అరుపుకు పాకలో పావురాలు లేచిపోయాయి.

ఇంటికి వెళ్లి భార్యకు చెప్పుకుని మండిపడ్డాడు. మగ్దలీనమ్మ అన్నం వడ్డించబోతూ ఆగిపోయింది.

"నోరు తగ్గించుకో. ఇంత కోపం నీలో ఎప్పుడూ చూళ్లేదు నేను. రేపు ఎదురుపడితే మొగం చూడాల గదా?"

"రేపటి సంగతి రేపు. పాకలో నేను పంతుల్ని" అన్నాడు సమాధానం.

బుధవారం ఆఖరి పాఠం. సమాధానం తనే ఆఫీసరులా గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. శిష్యుడు లేచాడు. ఉత్తుత్తి దండ వేశాడు. గొంతు సవరించుకున్నాడు.

"గుడ్ ఈవినైట్ సార్."

సమాధానానికి కళ్లు బైర్లు కమ్మాయి. బడి పాక పోయినట్టే, ఎడ్లు వచ్చి నిలబడినట్టే అనిపించింది.

"చెయ్యి చాపు" అన్నాడు.

తప్పు చెబితే కొట్టమని మొదటిరోజు శిష్యుడే అన్నాడు. అన్నాడు గదా అని ఎవరు కొడతారు? ఇన్ని రోజులూ దెబ్బలన్నీ బల్లే తిన్నది. ఇవాళ మాత్రం వరండాలో కూర్చున్న ఏళ్లన్నీ కలిపి కొట్టినట్టు కొట్టాడు. అరచేయి కందిపోయింది. శిష్యుడి కళ్లు ఎర్రబడ్డాయి. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"గుడ్ ఈవినింగ్ సార్" అన్నాడు, పళ్ల బిగువున.

"మళ్లీ."

"గుడ్ ఈవినింగ్ సార్."

గురువారం జీపు వచ్చేసరికి కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. శిష్యుడు దండ వేసి, గుక్క తిప్పుకోకుండా గుడ్ ఈవినింగ్ సార్ అన్నాడు. స్వాగతం రెండు ముక్కలూ తప్పు లేకుండా చెప్పాడు. ఆఫీసరు మురిసిపోయి చెయ్యి పట్టుకుని ఊపాడు. దీపాలు వెలిగాయి. జనం ఈలలు వేశారు. ఆఫీసరు జీపెక్కేటప్పుడు శిష్యుడు గుడ్ నైట్ కూడా సరిగ్గానే చెప్పాడు.

బడి నిలిచింది. జనానికి వెనకాల, పాలెం వాళ్ల మధ్య నిలబడిన సమాధానానికి సంతోషం రాలేదు. ఈ ఇంగ్లీషు ఎవరు నేర్పారని ఒక్కరూ అడగలేదు. శిష్యుడూ చెప్పలేదు. సమాధానం ఇంటికి వచ్చి అన్నం కూడా ముట్టకుండా పడుకున్నాడు.

మర్నాడు పొద్దున ఊరి వీధిలో శిష్యుడు ఎదురుపడగానే సమాధానం చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని, పక్కనున్న మురుక్కాలవలోకి దిగి, నడుం వంచి, "దండాలు దొరా" అన్నాడు పద్మనాభయ్యతో.