సైలెన్సర్ ఎన్నాళ్ళకోసారి తుడవాలి?

కైనూ అడవుల్లో దుప్పుల వేట రేపే మొదలు. ఉర్పో తన తుపాకీ తెచ్చి, తుపాకులు బాగుచేసే తూవీ బల్ల మీద పెట్టాడు.

"పది తూటాలు కాలిస్తే ఒక్కటీ గురికి తగల్లేదు."

తూవీ అతనికి కాఫీ పోసింది. తుపాకీ చప్పుడు తగ్గించడానికి గొట్టం చివర బిగించిన సైలెన్సర్ విప్పి, గొట్టంలోకి టార్చి వేసి చూసింది.

"గొట్టం మూతి అంతా తుప్పు తినేసింది. ఇక పనికిరాదు."

"సైలెన్సర్ ఎన్నాళ్ళకోసారి తుడవాలని మూడేళ్ళ కిందట అడిగితే, అసలు విప్పనే అక్కర్లేదన్నావు కదా!"

"అన్నాను."

"తెలీక అన్నావా?"

"తెలిసే అన్నాను. వేట నుంచి రాగానే విప్పి ఆరబెట్టాలి. లేకపోతే లోపలి చెమ్మ గొట్టంలోకి దిగుతుంది."

ఉర్పో మొహం ఎర్రబడింది. "ఇది మా నాన్న తుపాకీ! నీకేం ద్రోహం చేశానే నేను?"

తూవీ సొరుగులోంచి ఒక కుక్క మెడపట్టీ, ఒక తూటా తీసి అతని ముందు పెట్టింది. అది తన తుపాకీ తూటాయేనని ఉర్పో చూడగానే గుర్తుపట్టాడు.

"నా కుక్క ఒంట్లోంచి నేనే తీశాను. నువ్వు సైలెన్సర్ సంగతి అడగడానికి వారం ముందు, దాన్ని తోడేలు చంపిందని వచ్చి చెప్పింది నువ్వే. కాఫీ తాగు, చల్లారిపోతోంది. నీ తుపాకీని కూడా ఆ తోడేలే కొరికుంటుందిలే."