సిగ్గు స్తంభం

“ఇంత పెద్ద గడులేంటే? ఇది మొహంలా లేదు, స్నానాలగది గోడలా ఉంది,” అన్నాడు వుకాషిన్, తెరకు ముక్కు ఆనించినంత పని చేసి.

రుజిత్సా కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంది.

మోరావా నది ఒడ్డున ఉన్న ఆ ఊరి వారపత్రికకు వుకాషిన్ సంపాదకుడు. బొమ్మల పనంతా రుజిత్సాది. ఇద్దరూ ఒకే మేడలో, ఎదురెదురు వాటాల్లో పెరిగారు. ఆఫీసులోనూ ‘ఒరే’, ‘ఏమే’ అనుకునేంత చనువు.

పత్రిక చేతికి రాగానే ఊళ్ళో అందరూ ముందు తిప్పేది ఆఖరి పేజీ. దాని పేరు ‘సిగ్గు స్తంభం’. దుకాణాల కెమెరాలకు చిక్కిన చిల్లర దొంగల బొమ్మలు అందులో వేస్తారు. మొహం కనపడకూడదని చట్టం. అందుకని రుజిత్సా ముందు బొమ్మను గడులుగా మార్చి, ఆ తర్వాతే సంపాదకుడికి చూపిస్తుంది. ఒక్కో గడిలో ఉన్న కన్నూ, ముడతా, నీడా కలిసిపోయి ఒకే బూడిదరంగు పలక అవుతుంది. గడులు మరీ పెద్దవి కాకుండా చూసుకుంటే చట్టానికి చట్టమూ దక్కుతుంది, సంతలో ఆడవాళ్ళకు ఆ మనిషెవరో తెలిసీపోతుంది. పత్రిక అమ్ముడుపోయేది ఆ ఒడుపు వల్లే. అది రుజిత్సా చేతిలో ఉంది.

ఈ వారం వచ్చింది ఒక్కటే బొమ్మ. ఎవరో ముసలావిడ, కాఫీ పొట్లాన్ని నల్లకోటు లోపలికి తోసుకుంటోంది. ఊళ్ళో సగంమంది ముసలమ్మలకు అలాంటి కోటే ఉంది.

“కాఫీ అట! పోనీ రొట్టె కూడా కాదు. ముసల్దానికి షోకులకేం తక్కువ లేదు.”

“ఇంటికొచ్చిన వాళ్ళకి పెట్టడానికేమో,” అంది రుజిత్సా.

“ఏడిసింది. గడులు సగానికి తగ్గించు.”

“తగ్గించను.”

“కొత్తగా ఏమొచ్చిందే నీకు? నీ చుట్టమా ఏంటి?”

రుజిత్సా చెవులు ఎర్రబడ్డాయి.

“మా అమ్మ,” అంది.

అన్నాక తల ఎత్తలేకపోయింది. నిరుడు దుకాణంలో జున్నుముక్క జేబులో వేసుకున్న రాదోయె అనే బడి కాపలాదారు బొమ్మకు ఇదే చేత్తో చిన్న గడులు వేసింది. వేసి, హాయిగా భోజనానికి వెళ్ళింది. ఆ పెద్దమనిషి మళ్ళీ సంతలో కనపడలేదు. ఇప్పుడది గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

వుకాషిన్ బల్ల మీది కాగితాలు అటూ ఇటూ సర్దాడు.

“మీ అమ్మ చేతి పిండివంటలు తిని పెరిగినవాణ్ణి. నాకు మాత్రం బాధగా ఉండదా?” అన్నాడు చివరికి. “కానీ రాదోయె కూతురు వచ్చి ఏడ్చినప్పుడు ఏం చెప్పాం? స్తంభం దగ్గర మనవాళ్ళూ పరాయివాళ్ళూ ఉండరనేగా? ఇవాళ నీకోసం ఆపితే, రేపు ఊళ్ళో నా మొహాన ఉమ్మేస్తారు.”

“ఒరే, నీ కాళ్ళు పట్టుకుంటాను. వద్దురా.”

“నువ్వు చెయ్యలేకపోతే చెప్పు. ఇంకొకళ్ళతో చేయిస్తా.”

లేచి నిలబడ్డాడు. రుజిత్సా గబుక్కున అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని గుమ్మం వైపు నడిచాడు. ఆమె తెర ఆపేద్దామని మీట కోసం తడిమింది. తొందరలో అది చేతికి దొరకలేదు.

గడుల బొమ్మకు ఒక గుణం ఉంది. దగ్గర్నుంచి చూస్తే వట్టి పలకలు. దూరం జరిగేకొద్దీ అంచులు చెరిగిపోయి, మొహం దానంతట అదే తేలుతుంది. ఎప్పుడూ తెర పక్కనే కూర్చుని హడావుడి చేసే వుకాషిన్‌కు ఆ సంగతి తెలీదు.

గుమ్మంలో ఆగి, ఇంకేదో అనబోయి, వెనక్కి తిరిగాడు. తెర వైపు చూశాడు. కళ్ళు చికిలించాడు.

“రుజిత్సా,” అన్నాడు తలుపు పట్టుకుని, “అది మా అమ్మ.”