సగంలో ఆగిన బొమ్మ

“సాయంత్రంలోగా లెక్కలు నా టేబుల్ మీద ఉండాలి. లేకపోతే రేపటినుంచి ఈ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు,” అంది మేడమ్, ల్యాబులో అందరికీ వినపడేలా.

అమ్మాయి తలెత్తలేదు. ఆమె ముందున్న తెరమీద మొక్క వేరు బొమ్మ సగం వరకు వచ్చి ఆగిపోయింది. మధ్యలో చిన్న చక్రం గిరగిరా తిరుగుతోంది. మైక్రోస్కోపు తీసిన బొమ్మల్ని పొరలు పొరలుగా పేర్చి, వాటిలో కణాలెన్ని ఉన్నాయో ఆ సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టాలి. అది ఆ పని మానేసి కొన్నాళ్లుగా చక్రం తిప్పుకుంటూ కూర్చుంది.

“మేడమ్, బొమ్మ తెరుచుకోవడానికే...”

“పక్క కంప్యూటర్లో తెరుచుకుంటోందిగా? అదే సాఫ్ట్‌వేర్, అవే బొమ్మలు. నీ ఒక్కదాని దగ్గరే ఎందుకు మొరాయిస్తుంది?”

పక్క కంప్యూటర్ ముందున్న దగ్గు సారు ఓసారి దగ్గాడు. ఏవైనా పుల్లలు పెట్టబోయే ముందు దగ్గడం ఆయన అలవాటు, ఆ పేరు అందుకే వచ్చింది. “పని ఒక్కటే నడుస్తుంటే ఎందుకు మొరాయిస్తుంది మేడమ్? సినిమాలూ గట్రా కూడా నడుస్తుంటే అదేం చేస్తుంది పాపం!”

ఆ అమ్మాయి మేడమ్ చెల్లెలి కూతురు. ఆ సంగతి ల్యాబులో అందరికీ తెలుసు, తెలియనట్టు ఉండడమూ అందరికీ వచ్చు. అందుకే మేడమ్ ఆ పిల్లని మిగతావాళ్లకంటే ఓ పాలు ఎక్కువే తిట్టేది. అమ్మాయి కూడా ల్యాబు గుమ్మం దాటగానే పెద్దమ్మని మేడమ్‌గా మార్చేసుకునేది.

“కంప్యూటర్ డాక్టర్ని రమ్మన్నాను మేడమ్, వచ్చేస్తున్నాడు. ఇందులో ఏం నడుస్తోందో అందరి ముందే తేలిపోతుంది,” అన్నాడు దగ్గు సారు.

“ఇప్పుడెందుకు?” అంది మేడమ్ చటుక్కున.

“వద్దండీ,” అంది అమ్మాయి, అదే క్షణంలో.

దగ్గు సారు అమ్మాయి మాటనే పట్టుకున్నాడు. “చూశారా? వద్దంటోంది!”

అంతలో డాక్టర్ రానే వచ్చాడు. మనిషికి చేతులకంటే నోరే ఎక్కువ ఆడుతుంది. “ఏమ్మా, దీనికి జ్వరం ఎప్పట్నుంచి?” అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మెమరీ ఎంతుందో చూశాడు. “తిండికి లోటు లేదు.” డిస్కు చూశాడు. “కడుపూ ఉబ్బలేదు.” యాంటీవైరస్ ఆపి చూశాడు. చక్రం మాత్రం ఆగలేదు.

“సినిమాలు ఎన్ని ఉన్నాయి?” అన్నాడు దగ్గు సారు, మెడ సాచి.

“సినిమా కాదు కదా, పాట కూడా లేదు సార్. ఇంత బుద్ధిమంతురాలి కంప్యూటర్ నేనెక్కడా చూడలేదు.”

లోపల ఏమేం నడుస్తున్నాయో వరసగా చూస్తున్నవాడు ఒకచోట ఆగిపోయాడు. నోరు కూడా ఆగింది. “అమ్మా, నీ తెరని ఎవరో ఫొటోలు తీస్తున్నారు.”

అందరూ ఆ తెర వైపు వంగారు.

“క్షణక్షణానికీ తెర మొత్తం ఫొటో తీసి పంపుతోంది ఈ ప్రోగ్రామ్. పెట్టిన తిండంతా ఇదే మింగేస్తుంటే ఇంక మీ బొమ్మలకి మిగిలేదేముంది?”

“ఎవరికి పంపుతోంది?” దగ్గు సారు దగ్గడం కూడా మరిచిపోయాడు.

“ఈ ల్యాబులోదే సార్ ఆ కంప్యూటర్. ఒక్క నిమిషం ఆగండి, పట్టేస్తాను.”

మేడమ్ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ప్రోగ్రామ్ పెట్టింది ఆవిడే. చెల్లెలి కూతురు పనిదొంగ అని నలుగురూ అనకముందే తనే పట్టుకోవాలని, సెలవురోజున వచ్చి మరీ పెట్టింది. ఇంటికెళ్లే ముందు తలుపు వేసుకుని ఆ ఫొటోలు తిరగేసేది. ఏ ఫొటో చూసినా అదే సగం వేరు, అదే చక్రం. పిల్ల గుడ్లప్పగించి కూర్చుంటోందని పళ్లు నూరుకుంది తప్ప, ఆ చక్రం తిరుగుతున్నది తన వల్లేనని తట్టలేదు. ఇప్పుడు తట్టేసరికి సిగ్గుతో చచ్చినంత పనయింది. ఒక్క నిమిషంలో ఈ నోటిదూల మనిషి తన గది వైపు వేలు చూపిస్తాడు.

“వద్దండీ,” అంది అమ్మాయి మళ్లీ. ఈసారి మౌస్ మీద చెయ్యి అడ్డం పెట్టింది. “తీసేయండి, చాలు. ఎవరైతే ఏం?”

“దొంగ చేతికి చిక్కుతుంటే వద్దంటావేంటమ్మా!” అన్నాడు దగ్గు సారు.

“నాకు పనుంది సార్. సాయంత్రంలోగా లెక్కలివ్వాలి.”

డాక్టర్ భుజాలెగరేసి, ఆ ప్రోగ్రామ్‌ని పీకేశాడు. వేరు బొమ్మ రెప్పపాటులో మొత్తం తెరుచుకుంది. మేడమ్ ఎవరివంకా చూడకుండా తన గదిలోకి వెళ్లిపోయింది.

సాయంత్రం అందరూ వెళ్లాక అమ్మాయి లెక్కల కాగితాలు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. మేడమ్ వాటిని ముట్టుకోలేదు.

“అది... నేనే...”

“తెలుసు.”

“ఎప్పుడు తెలిసింది?”

“పెట్టిన మర్నాడే. రోజంతా దాని ముందేగా కూర్చునేది, ఫొటోలు ఈ గదికే వస్తున్నాయని కనిపెట్టలేనా?”

మేడమ్ తల వంగిపోయింది. “మరి ఎందుకు ఉంచావే? తీసి పారేస్తే సరిపోయేదిగా! అందరి ముందూ అన్ని మాటలు పడ్డావు, ఆ కుర్చీ కూడా పోయేది!”

అమ్మాయి గుమ్మం దగ్గర ఆగింది.

“తీసేస్తే, ఏదో దాస్తున్నానని అనుకుంటావేమోనని భయమేసింది, పెద్దమ్మా.”