అరచేతిలో రెండుసార్లు

"ఏయ్ అన్నా, ఆగు! రోజూ ఈ ఇంట్లోకి ఎందుకెల్తన్నావు?"

రైల్వే ఊరు ఝపటాపూర్‌లో జాకబ్ ఇంటి ముందు సుందర్ రాజు ఆ మనిషి సైకిలు పట్టుకుని నిలేశాడు.

సైకిలుకు టిఫిన్ క్యారియర్ వేలాడుతోంది. మనిషి ఎవరో తెలియదు. తను బజారుకు వెళ్ళినప్పుడల్లా ఇదే గుమ్మం ఎక్కుతూ కనబడుతున్నాడు.

"ముసలాయనకి అన్నం పెట్టడానికి బాబూ."

"నువ్వు ఆడికేటవుతావు?"

"ఏటీ అవను బాబూ."

ఏమీ కానివాడు ఊరికే అన్నం పెడతాడా? ఒంటరివాడి కొంప మీద కన్నేసి ఉంటాడనుకున్నాడు సుందర్ రాజు.

జాకబ్, తనూ రైల్వే వర్క్‌షాపులో పక్కపక్కనే పనిచేశారు. ఆ సుత్తుల మోతలో మాట వినబడేది కాదు. అరచేతిలో రెండుసార్లు తడితే, 'నేనే, ఇక్కడే ఉన్నాను' అని అర్థం. ఆ మోతకే జాకబ్ చెవులు పోయాయి. తర్వాత భార్య పోయింది. చివరికి సుగర్ వచ్చి చూపు కూడా పోయింది.

కబురు విన్న రోజు సుందర్ రాజు నిజంగానే ఏడ్చాడు. వచ్చే ఆదివారం చర్చి అవగానే వెళ్దామనుకున్నాడు. అలాంటి ఆదివారాలు ఎన్ని పోయాయో! ప్రార్థనలో మాత్రం జాకబ్ పేరు ఏనాడూ మరవలేదు. మాటలు కోటలు దాటాయి, కాలు గడప దాటలేదు.

ఇవాళ అనుమానం పుట్టబట్టి దాటింది.

"రేపట్నుంచి నువ్వు రావొద్దు. ఆడి సంగతి నేను సూసుకుంటాను."

"తవరెవరు బాబూ?"

"సుందర్ రాజుని. ఆడి నేస్తాన్ని."

ఆ మనిషి ఉలిక్కిపడ్డాడు. అంతలోనే నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తవరేనా! వొచ్చీసినారా! మరింక నాతో పనేటుంది?"

క్యారియర్ చేతికిచ్చి, "అన్నం ఏడిగా ఉంది, ఊది పెట్టండి" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

దొంగయితే ఎదురు తిరగాలి. వీడేమిటి, సంతోషంగా వెళ్ళిపోయాడు? సుందర్ రాజుకు ఏమీ పాలుపోలేదు.

లోపల మంచం మీద జాకబ్ కూర్చుని ఉన్నాడు. గడ్డం నున్నగా గీసి ఉంది. ఉతికిన చొక్కా తొడిగి ఉంది. ఎవరు తొడిగారో!

పక్కన కూర్చుని, స్నేహితుడి అరచేతిలో రెండుసార్లు తట్టాడు.

జాకబ్ మొహం వెలిగింది. తట్టిన చేతిని ఆత్రంగా పట్టుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే తడిమాడు. మొహం మాడిపోయింది. తన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఎవరు బాబూ నువ్వు?"

సుందర్ రాజు మళ్ళీ తట్టాడు. ఇంకా గట్టిగా తట్టాడు.

"తట్టకు బాబూ. ఆ సెయ్యి నాకు తెలీదేటి?"

ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే పెదవులు బిగించేశాడు.

సుందర్ రాజు ముద్ద క్యారియర్‌లో పెట్టేసి లేచాడు. ఆ సైకిలు మనిషినే వెనక్కి తెద్దామని వీధిలోకి పరుగెత్తాడు. సందులో ఎవరూ లేరు. కేకేసి పిలుద్దామంటే పేరు తెలియదు.

తిరిగి వచ్చేసరికి జాకబ్ గుమ్మం వైపు మొహం పెట్టి, మనిషి ఇంకా అక్కడే ఉన్నాడనుకుని చెబుతున్నాడు.

"కోపగించుకోకు బాబూ... సూపు పోయిన కొత్తల్లో ఎవరో వొచ్చి నా బుజం మీద సెయ్యేస్తే, 'సుందర్ రాజువయితే రెండుసార్లు తట్టరా' అన్నాను, తట్టినాడు, ఆ రోజు నుంచీ నా సుందర్ రాజు పెడితేనే తింటన్నాను."