గోంగూర శుభలేఖలు

ఆ రోజుల్లో శుభలేఖను మట్టిలో నాటి, మొలిచిన మొక్కతో వెళ్తేనే కల్యాణ మండపం తలుపు తనంతట తాను తెరుచుకునేది.

శుభలేఖల కోసం భ్రమరాంబ చేత్తో చేసే గోంగూర గింజల కాగితానికి తెనాలిలో మంచి పేరు. అలాంటిది, పెళ్లి పది రోజులుందనగా పెళ్లికూతురి తండ్రి వీరరాఘవయ్య మండిపడుతూ వచ్చాడు.

"ఒక్క ఇంట్లోనూ మొలవలేదంట! మగపెళ్లివారు అపశకునం అంటున్నారు. చచ్చు గింజలు అంటగట్టావా?"

ఆవిడ ఆయన్ని వెంటబెట్టుకుని నాలుగిళ్లు తిరిగింది. ప్రతి ఇంట్లోనూ శుభలేఖ దేవుడి గూట్లోనే ఉంది.

"వినాయకుడి బొమ్మ ఉందిగా, మట్టిలో ఎట్టా పూడ్చేది?" అంది ఒక ఇల్లాలు.

బొమ్మ పట్టుబట్టి వేయించింది వీరరాఘవయ్యే. ఆయన తల దించుకున్నాడు.

"పూడ్చొద్దు తల్లీ, బకెట్లో నిమజ్జనం చెయ్యి. నానిన ముద్దని కుండీలో పెట్టు," అంది భ్రమరాంబ.

సాయంత్రానికల్లా ఊరంతా నిమజ్జనాలే.

పెళ్లినాడు నాలుగొందల గోంగూర మొక్కలు బాజాలతో ఊరేగింపుగా మండపంలోకి వెళ్లాయి. చివరగా వచ్చిన భ్రమరాంబకి మాత్రం తలుపు తెరుచుకోలేదు. ఆవిడకి శుభలేఖ ఇవ్వాలని ఎవరికీ తోచలేదు మరి.

వీరరాఘవయ్య పరుగున బయటికొచ్చి, తన ఇంట మొక్క మొలిచిన కుండీని ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"రా అమ్మా, నువ్వు అడుగుపెట్టాకే తాళి."

తలుపు బార్లా తెరుచుకుంది.